రిజిస్టరులో ఒక గడి: బెర్లిన్ నుంచి రాయగడ దాకా



ఈసారి పోస్టు కొంచెం పొడుగు. ఎప్పుడు పొట్టిగా రాశారు గనక అని మన కోశాధికారి గారు అంటారు, అది నిజమే. అయినా వచ్చే ఆదివారం జనరల్ బాడీ మీటింగుకి ముందు అందరూ ఇది చదవాలని నా కోరిక. తీరిక లేనివాళ్ళు రెండు విడతలుగా చదవండి, కానీ చదవండి.

కొత్త సభ్యుల కోసం ఒక మాట. నేను పుట్టి పెరిగింది తమిళనాడులో, విళుప్పురంలో. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. తెలుగు అక్షరాలు మా అమ్మ రాత్రిపూట పెద్ద బాలశిక్ష దగ్గర పెట్టుకుని నేర్పింది. తరువాత రైల్వేలో గుమాస్తా ఉద్యోగం వచ్చి ఈ వైపు వచ్చాను. కోరాపుట్‌లో కొన్నాళ్ళు, రాయగడలో చాలా ఏళ్ళు పనిచేసి 2019లో రిటైరై ఇక్కడే ఉండిపోయాను. అందుకని నా తెలుగులో తప్పులుంటే ఎప్పటిలాగే సర్దుకోండి.

ఇప్పుడు విషయానికి వస్తాను. మన సంఘం సభ్యుల కుటుంబ వివరాల పుస్తకం మళ్ళీ అచ్చు వేయిస్తున్నాం కదా. దస్తూరీ బాగుంటుందని ఆ ఫారాలన్నీ సరిచూసే పని నాకు అప్పగించారు. ఫారంలో రెండు గడులు ఉన్నాయి, ఒకటి కుమారులు, రెండోది కుమార్తెలు. పాత పుస్తకంలో ఒక ఇంటి బిడ్డ పేరు కుమారుల గడిలో ఉంది. ఈసారి ఆ ఇంటివాళ్ళు అదే బిడ్డని కొత్త పేరుతో కుమార్తెల గడిలో రాసి ఇచ్చారు. కమిటీలో కొందరు ఒప్పుకోలేదు. కొందరు తల వంచుకుని కూర్చున్నారు. చివరికి "పెండింగ్" అని రాసి పక్కన పెట్టారు. రెండు రోజుల తరువాత ఆ తల్లి నాకు ఫోన్ చేసి, "అన్నయ్యగారూ, గొడవ వద్దు. మా బిడ్డ పేరు అసలు తీసెయ్యండి. మా ఇద్దరి పేర్లూ చాలు" అన్నారు. వాళ్ళ అనుమతి తీసుకునే ఇది రాస్తున్నాను. ఎవరా అని దయచేసి ఆరా తీయకండి.

ఆ ఫోన్ వచ్చిన వారంలోనే మా చిన్నమ్మాయి యూరప్ నుంచి ఫొటోలు పంపింది. తను జర్మనీలో చదువుకుంటోంది. వాళ్ళ తరగతి వాళ్ళు పది రోజులు విజ్ఞాన యాత్రకి వెళ్ళారు. బెర్లిన్, ఆంస్టర్‌డాం, లండన్. మనం కాశీకి, పూరీకి వెళ్ళినట్టు గుళ్ళూ కోటలూ చూడటానికి కాదు. స్వలింగ ప్రేమ ఉన్నవాళ్ళు, ట్రాన్స్‌జెండర్లు, వీళ్ళందరినీ కలిపి ఇప్పుడు క్వీర్ అంటున్నారే, వాళ్ళు ఆ ఊళ్ళలో ఎలా బతికారు, ఎలా హింసపడ్డారు, ఎలా పోరాడారు అన్నది వీధి వీధీ నడిచి తెలుసుకోవడానికి. క్వీర్ అనేది మొదట ఇంగ్లీషులో తిట్టు. తిట్టించుకున్నవాళ్ళే దాన్ని తీసుకుని తమ పేరుగా పెట్టుకున్నారు.

నిజం చెప్పాలంటే మొదట నాకు నచ్చలేదు. ఇంత ఖర్చు పెట్టి చూడాల్సింది ఇదా అన్నాను. "నాన్నా, ముందు విను, తరువాత తిట్టు" అంది. విన్నాను. విన్నకొద్దీ గుమాస్తాగా నాకు ఒక సంగతి కనబడింది. ఈ చరిత్ర అంతా రిజిస్టర్ల చరిత్ర. ఎవరి పేరు ఏ పుస్తకంలో, ఎవరు, ఎందుకు రాశారు అన్నదే మొదటి నుంచి చివరి దాకా.

ముందు బెర్లిన్ సంగతి. 1871లో జర్మనీ ఒకే రాజ్యంగా ఏర్పడినప్పుడు దాని శిక్షాస్మృతిలో 175వ పేరా ఒకటి ఉండేది. మగవాళ్ళ మధ్య సంబంధం నేరం. మాగ్నస్ హిర్ష్‌ఫెల్డ్ అనే యూదు డాక్టరు 1897లో దాని రద్దు కోసం ఒక కమిటీ పెట్టి, పిటిషను రాయించి, దేశంలో పేరున్నవాళ్ళ సంతకాలు సేకరించాడు. సంతకం చేసినవాళ్ళలో ఐన్‌స్టీన్ కూడా ఉన్నాడు. 1919లో అదే డాక్టరు బెర్లిన్‌లో లైంగిక శాస్త్ర సంస్థ ప్రారంభించాడు. అందులో వైద్యం, సలహాలు, మ్యూజియం, పెద్ద లైబ్రరీ, అన్నీ ఒకే కప్పు కింద ఉండేవి.

ఆ రోజుల్లో బెర్లిన్ పోలీసుల దగ్గర రెండు రకాల కాగితాలు ఉండేవట. ఒకటి గులాబీ జాబితా. మగవాళ్ళతో సంబంధం ఉందని అనుమానం ఉన్న మగవాళ్ళ పేర్లు అందులో ఉండేవి. రెండోది ఒక ధ్రువపత్రం. మగవాడిగా పుట్టి ఆడబట్టలు కట్టుకునేవాళ్ళు, ఆడపిల్లగా పుట్టి మగబట్టలు వేసుకునేవాళ్ళు డాక్టరు చీటీ తెచ్చుకుంటే, వీధిలో ఎవరూ పట్టుకోకుండా పోలీసులే ఇచ్చే కాగితం అది. హిర్ష్‌ఫెల్డ్ లాంటి డాక్టర్లు ఆ చీటీలు రాసేవారు. చూడండి, అదే పోలీసు శాఖ ఒక చేత్తో పట్టుకోవడానికి పేర్లు రాసింది, ఇంకో చేత్తో వదిలెయ్యమని కాగితం ఇచ్చింది.

1933లో హిట్లర్ వచ్చాడు. మే 6న ఆ సంస్థ మీద పడి దోచుకున్నారు. మే 10న పుస్తకాలని ఒపేరా ముందున్న మైదానంలో తగలబెట్టారు. హిర్ష్‌ఫెల్డ్ అప్పటికే దేశం బయట ఉన్నాడు, మళ్ళీ ఇంటి మొహం చూడలేదు. 1935లో ఫ్రాన్సులో చనిపోయాడు. కానీ పాత గులాబీ జాబితాలు మాత్రం కొత్త పోలీసులకి బాగా పనికొచ్చాయి. నాజీల కాలంలో 175వ పేరా కింద సుమారు 50,000 మందికి శిక్షలు పడ్డాయి. వాళ్ళలో వేలమందిని నిర్బంధ శిబిరాలకి పంపారు. అక్కడ చొక్కా మీద గులాబీ రంగు త్రికోణం కుట్టేవారు.

యుద్ధం అయిపోయినా వాళ్ళ కష్టం తీరలేదు. నాజీలు కఠినం చేసిన ఆ పేరాని పశ్చిమ జర్మనీ 1969 దాకా అలాగే ఉంచింది. పూర్తిగా రద్దయింది 1994లో. యుద్ధం తరువాత పడిన శిక్షలని కొట్టేస్తూ చట్టం చేసింది 2017లో. అప్పటికి చాలామంది పోయారు.

నోలెన్‌డోర్ఫ్‌ప్లాట్జ్ అనే మెట్రో స్టేషను గోడ మీద త్రికోణం ఆకారంలో ఒక రాతి ఫలకం ఉంది. 1989లో పెట్టారు. కొట్టి చంపారు, తరువాత ఎవరూ మాట్లాడకుండా ఉండి మళ్ళీ చంపారు అనే అర్థం వచ్చే మాటలు దాని మీద ఉన్నాయని అమ్మాయి చెప్పింది. స్టేషను గోడ మీద కాబట్టి రోజూ పనికి పోయేవాళ్ళ కళ్ళ ముందే ఉంటుంది. మన స్టేషన్ల గోడల మీద ఏముంటాయో మీకు తెలుసు. ఉమ్మి వేయరాదు, పొగ తాగరాదు.

ఇక ఆంస్టర్‌డాం. ఈ ఊరి కథ విన్న రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. నెదర్లాండ్స్‌లో జనాభా రిజిస్టరు చాలా పద్ధతిగా ఉండేది. మనిషికో కార్డు, ఊరు, వీధి, మతం అన్నీ దాని మీద ఉండేవి. నేనైతే అలాంటి ఆఫీసుని చూసి దండం పెట్టేవాణ్ణి. కానీ జర్మన్లు ఆక్రమించాక ఆ పద్ధతే ప్రాణాంతకమైంది. యూదులు దొంగ గుర్తింపు కార్డులు చేయించుకుని దాక్కున్నా, ఆఫీసులో ఉన్న కార్డుతో సరిచూస్తే దొరికిపోయేవారు. ఆ దేశంలో సుమారు 1,40,000 మంది యూదులుంటే లక్షకి పైగా చంపబడ్డారు.

1943 మార్చి 27 రాత్రి కొంతమంది పోలీసు దుస్తులు వేసుకుని ఆంస్టర్‌డాం జనాభా రిజిస్టరు ఆఫీసులోకి వెళ్ళారు. కాపలావాళ్ళకి మత్తు ఇంజెక్షన్ ఇచ్చి బయట పడుకోబెట్టి, కార్డులు కుప్పపోసి నిప్పు పెట్టారు. నిప్పు ఆర్పడానికి వచ్చినవాళ్ళు కావాలనే ఎక్కువ నీళ్ళు కొట్టి మిగిలిన కార్డులు కూడా పాడయ్యేలా చేశారని చెప్తారు. కార్డులన్నీ పోలేదు, కొంత భాగమే పోయింది. ఆ కొంత కూడా కొన్ని ప్రాణాలే కదా.

ఆ పని నడిపించినవాళ్ళలో విల్లెం అరోండేయుస్ అనే చిత్రకారుడు, రచయిత ఉన్నాడు. తన స్వలింగ ప్రేమని దాచుకోకుండా బతికిన మనిషి. దొరికిపోయాడు. 1943 జులై 1న కాల్చి చంపారు. స్వలింగ ప్రేమికులు పిరికివాళ్ళు కారని లోకానికి చెప్పమని చనిపోయే ముందు కబురు పంపాడు. ఆ పథకంలో సహాయపడిన ఫ్రీడా బెలిన్‌ఫాంటే అనే సంగీత విద్వాంసురాలు ఆడవాళ్ళని ప్రేమించిన మనిషి. మగవేషంలో తిరిగి, చివరికి సరిహద్దు దాటి స్విట్జర్లాండ్ చేరి బతికింది. యుద్ధం తరువాత చాలా ఏళ్ళు వీళ్ళ సంగతి చెప్పేటప్పుడు, వీళ్ళు ఎవరిని ప్రేమించారన్న మాట మాత్రం వదిలేసేవారు.

నేను రిజిస్టర్ల మధ్య బతికినవాణ్ణి. రిజిస్టరు చిరిగితే అంటించినవాణ్ణి, చెదపడితే ఎండబెట్టినవాణ్ణి. రిజిస్టరు తగలబెట్టడం పుణ్యకార్యం అయిన రోజు కూడా ఉంటుందని ఈ వయసులో తెలిసింది.

ఆ ఊళ్ళోనే కాలవ పక్కన 1987లో గులాబీ గ్రానైటుతో మూడు పెద్ద త్రికోణాలు పరిచారు. స్మారకం అది. అవమానానికి గుర్తుగా కుట్టిన ఆకారాన్నే గౌరవానికి వాడారు. జనం అక్కడ పూలు పెడతారు. 2001 ఏప్రిల్ 1న ప్రపంచంలో మొట్టమొదట స్వలింగ జంటల పెళ్ళిళ్ళు చట్టబద్ధంగా జరిగింది కూడా ఆ ఊళ్ళోనే. మేయరే స్వయంగా పెళ్ళిళ్ళు చేయించి రిజిస్టరులో రాయించాడు. జనాభా రిజిస్టరు తగలబెట్టాల్సి వచ్చిన ఊళ్ళో, 58 ఏళ్ళ తరువాత ఇంకో రిజిస్టరులో ఇలాంటి పేర్లు ఎక్కాయి.

లండన్ గురించి క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే అక్కడి నుంచి దారి నేరుగా మన ఇంటికే వస్తుంది. 1957లో వుల్ఫెండెన్ కమిటీ, పెద్దవాళ్ళు ఇష్టపడి చాటుగా చేసుకునేది నేరం కాకూడదని నివేదిక ఇచ్చింది. పదేళ్ళకి, 1967లో, ఇంగ్లండు, వేల్స్‌లకి ఆ చట్టం మారింది. కానీ వాళ్ళు మనకి ఇచ్చిపోయిన 377వ సెక్షను మనం అలాగే ఉంచుకున్నాం. 1860లో చేసిన శిక్షాస్మృతిలోది. మన ఢిల్లీ హైకోర్టు 2009లో దాన్ని తగ్గించింది, 2013లో సుప్రీంకోర్టు మళ్ళీ నిలబెట్టింది, 2018 సెప్టెంబరు 6న అదే సుప్రీంకోర్టు పెద్దల ఇష్టపూర్వక సంబంధం నేరం కాదని తేల్చింది. అదే ఏడాది ఏప్రిల్‌లో బ్రిటన్ ప్రధాని థెరిసా మే కామన్వెల్త్ దేశాల ముందు ఆ పాత చట్టాల గురించి విచారం వెలిబుచ్చారు. పెట్టినవాళ్ళకి విచారం కలగడానికి, మోసినవాళ్ళకి బరువు దిగడానికి 150 ఏళ్ళు దాటింది.

ఇదంతా చెప్పి మా అమ్మాయి చివరికి ఒక ప్రశ్న అడిగింది. "నాన్నా, నా స్నేహితులు మన దేశం వస్తే ఇలా నడిపించి చూపించడానికి మన వైపు ఏముంది?"

ఏమీ లేదమ్మా అని ఫోన్ పెట్టేశాను. తరువాత ఆలోచిస్తే చాలానే ఉంది. ఫలకాలు లేవు, అంతే.

మొదట నా చిన్నతనం చెప్తాను. విళుప్పురం దగ్గర కూవాగం అనే పల్లె ఉంది. అక్కడ కూత్తాండవర్ గుడి. మనం భారతంలో ఇరావంతుడు అంటామే, అర్జునుడి కొడుకు, అక్కడ అరవాన్ అంటారు. యుద్ధానికి ముందు బలి కాబోతూ పెళ్ళి కావాలని కోరితే కృష్ణుడే మోహినిగా వచ్చి పెళ్ళాడాడని కథ. చిత్తిరై నెల పౌర్ణమికి హిజ్రాలు దేశం నలుమూలల నుంచి వచ్చి ఆ దేవుడి పేరు మీద తాళి కట్టించుకుంటారు. మర్నాడు అరవాన్ చనిపోతాడు. తాళి తెంచి, గాజులు పగలగొట్టుకుని, తెల్ల చీర కట్టుకుని ఏడుస్తారు. ఆ నాలుగు రోజులు విళుప్పురం స్టేషను నిండిపోయేది. మేం పిల్లలం చూసి నవ్వేవాళ్ళం. మా నాయనమ్మ మాత్రం వాకిట్లో బిందె పెట్టుకుని చెంబుతో నీళ్ళు పోసేది. "ఈ రోజు పెళ్ళికూతుళ్ళురా, నవ్వకూడదు" అనేది. తరువాత తమిళనాడులో వాళ్ళని తిరునంగై అని గౌరవంగా పిలవడం మొదలుపెట్టారు. దేశంలో మొదటి ట్రాన్స్‌జెండర్ సంక్షేమ బోర్డు 2008లో అక్కడే వచ్చింది. మాట మారితే చూపు కొంత మారుతుంది.

ఇక హైదరాబాదు. ఇక్కడ కూడా రిజిస్టరే. 1871లో బ్రిటిష్‌వాళ్ళు నేరస్థ తెగల చట్టం చేశారని చాలామందికి తెలుసు. దాని రెండో భాగం హిజ్రాల గురించి అని తక్కువమందికి తెలుసు. అనుమానం ఉన్న హిజ్రాల పేర్లు, చిరునామాలు రిజిస్టరులో రాయాలి. ఆస్తుల జాబితా కూడా అడగవచ్చు. పేరు ఎక్కినవాళ్ళు ఆడబట్టలతో వీధిలో కనబడితే, పాటకీ ఆటకీ వెళ్తే వారంటు లేకుండా అరెస్టు, రెండేళ్ళ దాకా జైలు. పిల్లల్ని పెంచుకోకూడదు, దత్తత తీసుకోకూడదు, వీలునామా రాయకూడదు. ఇది ముఖ్యంగా ఇప్పటి ఉత్తరప్రదేశ్ వైపు అమలైంది.

అలాంటిదే నిజాం రాజ్యంలో 1329 ఫసలీలో, అంటే 1919లో వచ్చింది. అదే రిజిస్టరు, అదే అనుమానం, అదే రెండేళ్ళ జైలు. బెర్లిన్‌లో హిర్ష్‌ఫెల్డ్ సంస్థ తలుపు తెరిచిందీ 1919లోనే అని పైన రాశాను, గుర్తుందా? ఒక ఊళ్ళో వైద్యం కోసం తలుపు తెరిచిన ఏడాదే ఇంకో ఊళ్ళో పోలీసు పుస్తకం తెరిచారు. అయితే బెర్లిన్ తలుపు పద్నాలుగేళ్ళకే మూసేశారు. మన పుస్తకం మాత్రం నిజాం పోయినా, ఆంధ్రప్రదేశ్ వచ్చినా, తెలంగాణ విడిపోయినా చట్టాల్లో అలాగే ఉంది. వైజయంతి వసంత మొగ్లి, ఇంకా కొందరు 2018లో హైకోర్టుకి వెళ్ళారు. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు ఆ చట్టం రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. ఒక మనుషుల గుంపు మొత్తాన్ని పుట్టుకతోనే నేరస్థులుగా చూసే చట్టం నిలవదని చెప్పింది. అది నూట నాలుగేళ్ళు బతికింది. ఏ వీధి మూలా దీనికి ఫలకం లేదు, తెలుగు పాఠ్యపుస్తకంలో నేను చూడలేదు.

మరి మన కోరాపుట్, రాయగడ? 1936 దాకా ఈ ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో, విశాఖపట్నం జిల్లాలో ఉండేది. పైన చెప్పిన రెండు చట్టాల కేంద్రాలకీ దూరమే. కానీ మన దగ్గర వేరే సంగతి ఉంది. 2006 నవంబరులో పేపర్లలో వచ్చింది, కొందరికి గుర్తుండవచ్చు. కోరాపుట్ జిల్లాలో ఒక పల్లెలో కోదు (కంధ) తెగకి చెందిన ఇద్దరు ఆడవాళ్ళు పెళ్ళి చేసుకున్నారు. ఇద్దరూ కూలిపని చేసుకునేవాళ్ళు. మొదట ఊరు ఒప్పుకోలేదు. తరువాత తెగ పెద్దలకి తప్పు కట్టారు. ఒక పీపా నాటుసారా, ఒక జత ఎడ్లు, ఒక బస్తా బియ్యం. బంధువులకీ ఊరికీ విందు పెట్టారు. తెగ ఆచారం ప్రకారం పెళ్ళి జరిగింది, ఊరు దీవించింది.

దీన్ని నేను పెద్దది చేసి చెప్పను. కొండల్లో అందరూ దేవతలని, అన్నీ ఒప్పుకుంటారని అనను. తప్పు కట్టించుకున్నారంటే తప్పు అనుకున్నారనే అర్థం. కూలి చేసుకునేవాళ్ళకి ఒక జత ఎడ్లు చిన్న మాట కాదు. కానీ మన ఏజెన్సీ పంచాయతీల పద్ధతి మీకు తెలుసు. తప్పు కట్టి, అందరూ కలిసి అన్నం తిన్నాక, ఆ సంగతి మళ్ళీ ఎత్తకూడదు. మనిషి మళ్ళీ లోపలి మనిషే. అప్పటికి దేశంలో 377 ఇంకా బతికే ఉంది. దేశం మొత్తం మీద కోర్టులు ఒక కొలిక్కి రావడానికి ఇంకో పన్నెండేళ్ళు పట్టింది. పెళ్ళి హక్కు విషయం 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు దాకా వెళ్తే, అది చట్టసభ చూసుకోవాల్సిన పని అని కోర్టు చెప్పింది. ఆ పల్లె మాత్రం ఒక విందుతో తన మేరకి తేల్చుకుంది.

మా అమ్మాయి స్నేహితులకి ఆ పల్లె చూపిస్తానా? చూపించను. బతుకుతున్న మనుషుల ఇంటి ముందు ఫొటోలు తీయించడం విజ్ఞాన యాత్ర కాదు. కథ చెప్తాను, చాలు.

చూపించగలిగింది ఇంకొకటి ఉంది. అది నా కౌంటరు. ఇది చెప్పడానికే ఇంత దూరం వచ్చాను.

1990ల్లో సంగతి, ఏ స్టేషనో చెప్పను. నేను రిజర్వేషను కౌంటర్లో ఉన్నాను. ఒక హిజ్రా వచ్చి ఫారం ఇచ్చింది. పేరు ఆడపేరు. వయసు నలభై చిల్లర. మగ లేక ఆడ అన్న గడి ఖాళీ. "ఏం రాయను?" అన్నాను. "మీరే చెప్పండి బాబుగారూ, ఆ ఫారంలో నేను లేను" అంది. లైన్లో ఎవరో ఒక పాడు మాట అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి, "ఎం" అని రాసి టికెట్టు చేతికి ఇచ్చాను.

నెల తరువాత మళ్ళీ వచ్చింది. కోపంగా కాదు, మామూలుగా చెప్పింది. "బండిలో చెకింగ్ ఆయన వచ్చి మగవాడి టికెట్టు మీద ఆడమనిషివి ఎలా కూర్చున్నావన్నాడు. నేను చెప్తే, అయితే ఆడవేషం ఎందుకన్నాడు. పక్కవాళ్ళు మా పిల్లలున్నారు లేవమన్నారు. డబ్బు కట్టిన సీటు బాబుగారూ. రాత్రంతా తలుపు దగ్గర కూర్చున్నాను." రూలు అదేనమ్మా, నేనేం చేస్తాను అన్నాను. రూలు నిజంగా అదే. కానీ నవ్వమని రూల్లో లేదు. ఆ సంగతి నేను ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు. ఈ రోజే మీకు చెప్తున్నాను.

2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్లని మూడో జెండర్‌గా గుర్తించాలని, తాము ఎవరో చెప్పుకునే హక్కు వాళ్ళదేనని తీర్పు ఇచ్చింది. 2016 చివర్లో రైల్వే రిజర్వేషను ఫారంలో ఎం, ఎఫ్ పక్కన టీ అని వచ్చింది. అరవై దాటిన ట్రాన్స్‌జెండర్లకి 2017 జనవరి నుంచి సీనియర్ సిటిజన్ రాయితీ కూడా ఇచ్చారు (2020లో కరోనా సమయంలో మనందరి రాయితీతో పాటు అదీ ఆగిపోయింది). కొత్త ఫారాల కట్ట వచ్చిన రోజు నేను కౌంటర్లో కూర్చుని ఆ అక్షరాన్ని చాలాసేపు చూశాను. కాగితం మీద ఒక్క అక్షరం పెరగడానికి స్థలం ఎప్పుడూ ఉంది. పెట్టాలని మనకి తోచలేదు, అంతే.

మన ఒడిశాలోనే ఇంకో ఉదాహరణ. ఐశ్వర్య రుతుపర్ణ ప్రధాన్ గారు రాష్ట్ర ఆర్థిక సర్వీసులో మగపేరుతో చేరి వాణిజ్య పన్నుల అధికారి అయ్యారు. 2014 తీర్పు తరువాత తన పేరు, జెండరు ఆఫీసు రికార్డుల్లో మార్పించుకున్నారు. ఉద్యోగం అదే, కుర్చీ అదే, సంతకం మారింది. ప్రభుత్వం సర్వీసు రిజిస్టరు దిద్దింది. ఆకాశం ఊడిపడలేదు.

ఇప్పుడు మన పుస్తకం దగ్గరికి వద్దాం. కమిటీలో అన్న మాటలకి నాకు తోచిన జవాబు చెప్తాను. కోపగించుకోకండి.

ఒకరు "ఇది విదేశీ జబ్బు" అన్నారు. కాదండీ. విదేశం నుంచి వచ్చింది 377. కూవాగం గుడి విదేశీ కాదు, మన భారతంలో శిఖండీ బృహన్నలా విదేశీయులు కారు. పైగా ఆ బెర్లిన్ డాక్టరు హిర్ష్‌ఫెల్డే 1931లో మన దేశానికి వచ్చి, ఊరూరా ఉపన్యాసాలిచ్చి, మన ఆచారాలు చూసి తన యాత్రా పుస్తకంలో రాసుకుపోయాడు. నేర్చుకోవడానికి ఆయన ఇటు వచ్చాడు, ఇప్పుడు మా అమ్మాయి అటు వెళ్ళింది.

ఇంకొకరు "రేపు అందరూ మార్చమంటారు" అన్నారు. నా సర్వీసులో పేరు మార్పు దరఖాస్తులు చాలా చూశాను. సరదాకి ఎవరూ పెట్టుకోరు. ఇంట్లో ఏడ్చి, వీధిలో మాటలు పడి, చివరికి పెడతారు. ఈ బిడ్డ కూడా అంతే. ఆ తల్లిదండ్రులు ఆ ఫారం నింపడానికి ఎన్ని రాత్రులు కూర్చున్నారో మనకి తెలియదు.

మూడో మాట, "పేరు తీసేస్తే ఎవరికీ ఇబ్బంది లేదు కదా, తల్లే అడిగింది." ఈ మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది. నోలెన్‌డోర్ఫ్‌ప్లాట్జ్ ఫలకం చెప్పే రెండో చావు ఇదే. గులాబీ జాబితాలో, 1329 ఫసలీ రిజిస్టరులో పట్టుకోవడానికి పేర్లు రాశారు. మనం పరువు కోసం పేరు తీసేస్తే, పద్ధతి వేరైనా పని ఒకటే. మనిషి లోపల లేకుండా పోవడం. ఆ తల్లి అడగలేదు, మనం అడిగేలా చేశాం.

మన పుస్తకం పోలీసు పుస్తకం కాదు. ఎందుకు వేస్తున్నాం? ఇక్కడ ఒడిశాలో, మన ఊరు కాని ఊళ్ళో, మనవాళ్ళు ఎవరెవరున్నారో తెలుసుకోవడానికి. పెళ్ళికి పిలవడానికి, ఆసుపత్రిలో ఉంటే వెళ్ళి చూడటానికి, చావుకి నలుగురు మోయడానికి. ఆ పనులన్నిటికీ ఆ బిడ్డ కూడా మనమనిషే. గుర్తుంటే చెప్పండి, మన ఉగాది కార్యక్రమాల్లో స్టేజీ మీద ఆ పిల్ల పద్యం చదివితే మనమే చప్పట్లు కొట్టాం.

కాబట్టి ఆదివారం నేను ప్రతిపాదించేది ఇది. కుమారులు, కుమార్తెలు అన్న రెండు గడులు తీసేసి ఒకే గడి, "పిల్లలు" అని పెడదాం. అందులో కుటుంబం ఏ పేరు రాసి ఇస్తే ఆ పేరే అచ్చు వేద్దాం. కింద వివరణ, బ్రాకెట్లో పాత పేరు, చుక్క గుర్తు, ఏదీ వద్దు. ఒక గడి తగ్గుతుంది కాబట్టి అచ్చు ఖర్చు కూడా పెరగదు, మన కోశాధికారి గారికి అభ్యంతరం ఉండకూడదు.

ఓటు పెడితే నేను ఓడిపోవచ్చు. అలాగైతే ఫారాలు సరిచూసే పని ఇంకెవరికైనా ఇవ్వండి. ఇదేదో బెదిరింపని అనుకోవద్దు. అప్పుడు కౌంటర్లో రూలు అని చెప్పి ఒకసారి "ఎం" రాశాను. రెండోసారి నా చేత్తో కొట్టివేత గీయలేను, అందుకని అంటున్నాను.

రాత్రి అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాను. మీ స్నేహితులొస్తే స్టేషనుకి తీసుకెళ్తాను, రిజర్వేషను ఫారం ఒకటి చేతిలో పెట్టి మూడో అక్షరం చూపిస్తాను, అది ఎప్పుడు వచ్చిందో, దానికి ముందు ఏం జరిగిందో చెప్తాను అని. "తరువాత?" అంది. తరువాత మన సంఘం పుస్తకం చూపిస్తాను అన్నాను. అందులో ఏముంటుందో ఆదివారం మీరు చెప్పాలి.

ఉదయం పది గంటలకి మీటింగు. టిఫిను ఉంది. అందరూ రండి. తప్పులుంటే మన్నించండి.